తిట్ల జాగాలో ప్రార్థన

ఆ సోమవారం పొద్దున డానియల్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. వేపపుల్ల నమలాలి, వాకిట్లో నల్లా దగ్గర నిలబడాలి, రోజూ అన్నను తిట్టే పది నిమిషాలూ ఇవాళ్టి నుంచి అన్న కోసం ప్రార్థించాలి. తర్వాత ఇంత బువ్వ తిని, కొత్తకోట బడికి అటెండర్ పనికి పోవాలి. అంతే.

ఈ ఉపాయం ముందురోజు ఆరాధనలో పాస్టరుగారు చెప్పింది. "పాపపు అలవాటును పీకేస్తే గుంత మిగులుతది. గుంతను ఖాళీగ ఇడిస్తే అదే పాపం మళ్ల వచ్చి కూసుంటది. అదే టైముకు, అదే జాగల ఒక మంచి అలవాటు నాటుండ్రి. నలభై రోజులు ఎవ్వరికీ చెప్పకుండ్రి," అన్నాడాయన. సంఘమంతా తలూపి, ఇంటికి పోయి మరిచిపోయింది. డానియల్ ఇంట్లో మాత్రం ఎవరూ మరిచిపోలేదు.

అతని పాపం ఊరందరికీ తెలిసిందే. తొమ్మిదేళ్ల కిందట తల్లి నాగులమ్మ పోయినప్పుడు, సిలువ పెట్టి సమాధి చేద్దామని డానియల్, పాత పద్ధతిలో కుండ పట్టి సాగనంపుదామని అన్న కురుమయ్య, పాడెను చెరోవైపూ గుంజారు. ఆ ముసలమ్మ గంటసేపు ఎండలో పడి ఉంది. చివరికి ఊరివాళ్లే ఇద్దరినీ తిట్టి మట్టి చేశారు. "నా సావుకు నువ్వు రావద్దు," అన్నాడు కురుమయ్య. "పిల్సినా రాను," అన్నాడు డానియల్. మర్నాడే అన్న సంసారంతో జడ్చర్లకు పోయి, కిరాయి ఇంట్లో దిగాడు.

ఆనాటి నుంచి డానియల్ పళ్లు తోముకుంటూ అన్నను తిట్టడం మొదలుపెట్టాడు. వాడకట్టు పిల్లలు ఆ తిట్లు విని నిద్ర లేచేవాళ్లు. అన్న కూతురు పూజ పెళ్లి పత్రిక పోస్టులో వస్తే, దాన్ని వారం రోజులు తిట్టి, ఆ తర్వాత ఎవరూ చూడకుండా బైబిల్లో దాచుకున్నాడు. భార్య మల్లిక చూసింది గానీ చూడనట్టే ఉంది.

సోమవారం డానియల్ కళ్లు మూసుకున్నాడు. గొంతు తగ్గించడం అతనికి చేతకాదు. "ప్రభువా, మా అన్న కురుమయ్యను జర సూడు. ఆయన్ను ఇడువకు. ఒక్క మాట మాట్లాడే భాగ్యమియ్యి," అని వాడకట్టంతా వినబడేటట్టు అడిగాడు.

గోడ అవతల బట్టలు ఉతుకుతున్న నాగరాణి చెయ్యి ఆగిపోయింది. డానియల్ నోట అన్న పేరు తిట్టు లేకుండా వచ్చిందంటే, అన్న ఆఖరి గడియల్లో ఉన్నట్టే. ఆమె పరుగున వచ్చి, "ఏమైందే పెద్దాయనకు?" అని మల్లికను అడిగింది. నలభై రోజుల మాట మల్లికకు గుర్తుంది. "ఏం లేదక్కా. నువ్వు గూడ ప్రార్థన చెయ్యి," అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. తొమ్మిదేళ్లలో భర్త నోట మొదటిసారి మంచి మాట విన్న కన్నీళ్లవి. నాగరాణికి మాత్రం అది వేరే లెక్క.

ఏడున్నరకు సంఘం వాట్సాప్ గ్రూపులో, కురుమయ్యకు సీరియస్‌గా ఉంది, ప్రార్థించండి అని పెట్టింది. ఎనిమిదికి అదే గ్రూపులో ఎవరో ఆయన్ను దవాఖానలో చేర్చారు. తొమ్మిదికి జోడించిన చేతుల బొమ్మలు వరుసగా పడ్డాయి. అన్ని చేతులు చూశాక ఇంకొకరు కొవ్వొత్తి బొమ్మ పెట్టారు. దాంతో కురుమయ్య పని అయిపోయింది.

బడిలో హెడ్మాస్టరు పరుగెత్తుకొచ్చాడు. "నువ్వింక గంట కొడుతున్నవేంది డానియల్? మీ అన్న పోయిండట గద! లీవ్ లెటర్ తర్వాత రాసియ్యి, పో!"

డానియల్ గంట కింద కూలబడ్డాడు. చేతిలో సుత్తి అలాగే ఉంది. "తొమ్మిదేండ్లు ఆయన గొంతుల మన్ను పడాలన్న సార్. ఒక్క పూట ఆయన్ను ఇడువకు అని మొక్కిన. దేవుడు ఏది ఇన్నట్టు?" అన్నాడు. హెడ్మాస్టరు లెక్కల మనిషి; సుత్తి అందుకుని మిగిలిన గంటలు తనే కొట్టాడు.

ఇంటి ముందు, ఊళ్లో కిరాయికి తిప్పే బీరప్ప జీపు సిద్ధంగా ఉంది. పాస్టరుగారు, నాగరాణి, మరో ఆరుగురు ఎక్కి కూర్చున్నారు. ఫోన్ మల్లికకు వచ్చిందని డానియల్, డానియల్‌కు వచ్చిందని మల్లిక అనుకున్నారు. చావు కబురు ఎవరు చెప్పారని ఆరా తియ్యడం మర్యాద కాదు కాబట్టి ఎవరూ అడగలేదు. అన్న నంబరు డానియల్ ఎప్పుడో చెరిపేశాడు. అడ్రసు మాత్రం బైబిల్లోని పెళ్లి పత్రిక మీద ఉంది.

జడ్చర్ల బజారులో పూలదండ వాడిపోతుందని గంధపు దండ కొన్నారు. ఇంటికి చేరితే టెంటు లేదు, కుర్చీలు లేవు. "బాడీ ఇంక రాలేదేమో," అన్నాడు పాస్టరుగారు. నాగరాణి గడప దగ్గర కూలబడి, గొంతెత్తి శోకం మొదలుపెట్టింది.

తలుపు తీసింది కురుమయ్యే. లుంగీ కట్టుకొని, చేతిలో చాయ్ గ్లాసుతో నిలబడ్డాడు. నాగరాణి శోకం సగంలో ఆగి, ఈసారి నిజం భయంతో మళ్లీ మొదలైంది. కురుమయ్య జీపును చూశాడు, దండను చూశాడు, తమ్ముణ్ని చూశాడు.

"నా సావుకు రావద్దంటి గదరా!"

"సావుకు రాలేదన్నా," అన్నాడు డానియల్ ఏడుస్తూ. "నువ్వు బతికే ఉన్నవు గద."

"నీ గొంతుల మన్నుపడ! దండ తెచ్చినవు గదరా!" అని కురుమయ్య అందుకున్నాడు. అవే తిట్లు, అదే వరుస. ఇద్దరూ నేర్చుకుంది ఒకే నాయిన దగ్గర. డానియల్ మెట్టు మీద కూర్చుని కడుపునిండా విన్నాడు.

పాస్టరుగారు తలదించుకుని, "మెసేజి తప్పయింది, మన్నించుండ్రి," అంటుండగా పూజ బయటికి వచ్చింది. చిక్కిపోయి ఉంది. "నీకెవరు చెప్పిండ్రు చిన్నాయినా? బాపు ఎవ్వరికీ చెప్పొద్దన్నడు."

"ఏం సంగతి బిడ్డా?"

"రెండు కిడ్నీలు పోయినయి. వారానికి రెండుసార్లు పాలమూరు దవాఖానకు తీస్కపోతున్న. డాక్టర్లు ఆశ పెట్టుకోవద్దన్నరు."

నాగరాణి కళ్లు తుడుచుకుని, "నేను సీరియస్ అనే గద పెట్టిన," అని గొణిగింది. కురుమయ్య చెయ్యి చాపి దండ అందుకున్నాడు. "పైసలు పెట్టి కొన్నరు గద. అటక మీద పెట్టు బిడ్డా," అన్నాడు.

ఆ తర్వాత మంగళ, శుక్రవారాలు అన్నను దవాఖానకు తీసుకుపోయే పని డానియల్‌ది. దారి పొడుగునా కురుమయ్య తిట్టేవాడు. డానియల్ ప్రతి తిట్టుకూ "ఆమెన్" అనేవాడు. మిగతా రోజుల్లో నల్లా దగ్గర ప్రార్థన తప్పలేదు. దేవుడు వాళ్లకు ఇచ్చింది ఏడు నెలలు.

సమాధి దగ్గర ఈసారి పాడెను ఎవరూ గుంజలేదు. అన్న కోరినట్టే జరగాలని డానియల్ కుండ తానే తెచ్చి పూజ చేతికిచ్చాడు. దండ కోసం మాత్రం ఎవరూ బజారుకు పోవలసిన అవసరం రాలేదు.