ఒక పక్కకు ఒరిగిన కారు

శ్రావణం వచ్చి పదకొండు రోజులైనా సిద్దిరాములు పెళ్లాం సరోజన ఇంకా నెక్కొండలో పుట్టింట్లోనే ఉంది. అందుకే ఆ గురువారం పొద్దున్నే లేచి, తలకు నూనె రాసుకుని, పెళ్లికి కుట్టించుకున్న చిలకపచ్చ బెల్‌బాటం ప్యాంటు తొడుక్కుని, మధ్యాహ్నానికల్లా అత్తగారింట్లో భోజనం చేసి, పొద్దుగూకేలోగా పెళ్లాంతో వరంగల్ కొత్తవాడకు తిరిగి రావాలని అతను పథకం వేసుకున్నాడు. పథకంలో లోపమేమీ లేదు. దాన్ని వేసినవాడికి నలభై ఒక్క రోజులుగా సరిగ్గా నిద్ర లేదు, అంతే.

పెళ్లయ్యాక వచ్చే మొదటి ఆషాఢంలో అత్తాకోడళ్లు ఒకే గడపలో ఉండకూడదు. ఆ మాట ఎవరు పెట్టారోగాని, వాళ్లకు కొత్త పెళ్లాం ఉండి ఉండదని సిద్దిరాములు నమ్మకం. సరోజనను రైలెక్కించే రోజున, దుఃఖం ఆపుకోలేక, ఏం మాట్లాడాలో తెలియక, "ఫికర్ జెయ్యకు, శ్రావణం రాంగనే కారు దీస్కొని వస్త" అని నోరు జారాడు. పెళ్లప్పుడు బస్సు దొరకక ఆమెను నూలు మూటల లారీ మీద కాపురానికి తీసుకొచ్చారు. ఆ లారీ కథ నెక్కొండలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. ఆమె ఆ మాట నమ్మింది. నమ్మి ఊరుకోక ఊరందరికీ చెప్పింది. మొన్న సోమవారం కార్డు వచ్చింది. 'కారు ఎప్పుడు వస్తది అని వాడకట్టంత అడుగుతున్నది. నాకు కారు కాకున్నా మంచిదే' అని రాసి, ఆ రెండో వాక్యాన్ని అడ్డంగా కొట్టేసింది. కొట్టేసిన వాక్యాన్నే సిద్దిరాములు వందసార్లు చదివాడు.

కారు ఇచ్చింది సావుకారి వెంకటరాజం. దయతో కాదు. సిద్దిరాములు నేసేది జంపఖానాలు. అంత వెడల్పు మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని, ఎవరి వైపు పోగును వాళ్లు ఇనుప పళ్ల పంజాతో దెబ్బ వేసి బిగించాలి. సరోజన వెళ్లాక ఆమె చోట తల్లి పోశవ్వ కూర్చుంది. పోశవ్వ దెబ్బకు ఈగ కూడా లేవదు. దాంతో జంపఖానా ఆమె వైపు వదులై, ఒక పక్కకు ఒరుగుతూ వచ్చింది.

"ఏందిర ఇది? జంపఖానా నేస్తానవా, జారుడుబండ నేస్తానవా?" అన్నాడు వెంకటరాజం దాన్ని పరిచి చూసి.

"మనిషి లేదు సావుకారీ, చెయ్యి సాగుతలేదు."

"అయితే పొయ్యి తోలుకరా. నా కారు దీస్కపో. పాండురంగం నడుపుతడు. సీటు మీద గీత పడితే మాత్రం నీ తోలు దీసి నేయిస్త."

ఆ కారు పాత తెల్ల అంబాసిడర్. దాన్ని వెంకటరాజం సొంత పిల్లలకంటే ఎక్కువగా చూసుకునేవాడు. డ్రైవర్ పాండురంగం దానికి రోజూ స్నానం చేయించేవాడు. పోచమ్మ మైదాన్ దాటి నర్సంపేట రోడ్డెక్కగానే సిద్దిరాములుకు మరో ఆశ పుట్టింది. నెక్కొండ వాడకట్టులోకి తనే కారు నడుపుకుంటూ పోతే ఎలా ఉంటుంది? సరోజన ఎలా చూస్తుంది?

"పాండన్నా, జర నాకిస్తవా? ఇక్కడ్నే నేర్చుకుంట."

"నీకు సైకిలే సక్కగ రాదు కదనే."

"సైకిలుకు రెండే చక్రాలు. పడిపోతది. ఇది పడది గద?"

ఈ తర్కం విని పాండురంగం కారు పక్కకు ఆపాడు. రోడ్డు ఖాళీగా ఉంది. సిద్దిరాములు సీటు మారాడు. కారు నిజంగానే మెల్లగా, బుద్ధిగా పోయింది. అంతలో రోడ్డు పక్కన ఎర్రంచు పచ్చచీర కట్టుకున్న ఒక ఆడమనిషి నడుస్తూ కనిపించింది. ఆ నడక, ఆ జడ, భుజం మీదికి కొంగు లాక్కునే తీరు అచ్చం సరోజనవే. సరోజన నెక్కొండలో ఉందని అతనికి తెలుసు. తెలిసినా తల తిరిగింది. తల తిరిగినవైపే చేతులు తిరిగాయి. చేతులు తిరిగినవైపే కారు తిరిగింది. కొత్తగా కట్టిన ఫుట్‌పాత్ గట్టును ఎడమవైపు ముందు చక్రం ఢీకొట్టి, ఎగిరి, దబ్బున కింద పడింది. పచ్చచీర మనిషి వెనక్కి తిరిగింది. ఆమెకు అరవై ఏళ్లుంటాయి.

"కండ్లు నెత్తికెక్కినయార?" అని అడిగి ఆమె తన దారిన పోయింది.

కారు ఎడమవైపుకు ఒరిగి నిలబడింది. పాండురంగం ఫుట్‌పాత్ మీద కూలబడి నెత్తి బాదుకోసాగాడు. అదృష్టం కొద్దీ రోడ్డుకు అవతలే మెకానిక్ కట్టయ్య రేకుల షెడ్డు. కట్టయ్య బీడీ ఆర్పకుండానే వచ్చి, బానెట్ మీద రెండు చేతులూ పెట్టి గట్టిగా నొక్కి వదిలాడు.

"ఒక్కపారి లేసి నిలబడితే మంచిగున్నట్టు. ఇది చూడుండ్రి. లేస్తాంది, వంగుతాంది, మల్ల లేస్తాంది. కుదుపు ఆపే షాకప్సర్ల నూనె వోయింది." తర్వాత కారు కింద తల పెట్టి చూశాడు. "చక్రాన్ని తిప్పే రాడు వంగింది. చక్రం ఒక దిక్కు చూస్తాంది, కారు ఒక దిక్కు చూస్తాంది."

"ఎప్పటికైతది ఉస్తాద్?"

"ఎల్లుండికి."

సిద్దిరాములు కళ్లలో నీళ్లు తిరిగాయి. నలభై ఒక్క రోజులు ఓర్చుకున్నవాడికి ఇంకో రెండు రోజులు పెద్ద లెక్క కాదని మీరనవచ్చు. చివరి రెండు రోజులే ఓర్చుకోలేనివి. అతను తన ఆషాఢం గోడు, కారు మాట, కార్డులో కొట్టేసిన వాక్యం అన్నీ చెప్పాడు. కట్టయ్యకూ పెళ్లాం పుట్టింటికి పోయిన రోజులు గుర్తొచ్చాయో ఏమో, బీడీ పారేశాడు.

"సరే, పగటి అన్నం యాల్లకు జేస్త. పాత షాకప్సర్ ఒకటున్నది, ఏస్త. రాడును కొలిమిల కాల్చి సాపు చేపిస్త. నువ్వు కిందికి దూరి ఆ ఇనుప చెయ్యి పట్టుకో. కదిల్నవా, అంతా మీదికొస్తది."

సిద్దిరాములు కారు కిందికి దూరి, రెండు కాళ్లూ రోడ్డు మీదికి చాపి, ఊపిరి కూడా గట్టిగా తీసుకోకుండా పడుకున్నాడు. కట్టయ్య రాడు తీసుకుని కొలిమికి పోయాడు. చుట్టూ పదిమంది గుమికూడి చూస్తున్నారు. పాండురంగం ఇంకా నెత్తి బాదుకుంటున్నాడు. సిద్దిరాములు నల్లటి ఇనుమును చూస్తూ, మగ్గం దగ్గర పక్కన సరోజన పంజా దెబ్బ పడినప్పుడల్లా వినిపించే గాజుల చప్పుడు గుర్తు చేసుకుంటున్నాడు. ఒక బస్సు చక్రాలు నెమ్మదిగా అతని కాళ్ల పక్కనుంచి పోయాయి.

ఆ బస్సు నెక్కొండకు పోయేది. కిటికీ పక్కన కూర్చున్నది సరోజన మేనత్త పూలమ్మ. పెళ్లిలో ఆ చిలకపచ్చ ప్యాంటును చూసి మొదట నవ్వింది ఆమే. అలాంటి ప్యాంటు జిల్లా మొత్తంలో ఇంకొకటి లేదని ఆనాడే తేల్చి చెప్పింది కూడా. ఇప్పుడు ఆ ప్యాంటు కాళ్లు రెండూ ఒరిగిన కారు కిందినుంచి కదలకుండా బయటికి చాచి ఉన్నాయి. పక్కన ఒకడు నెత్తి బాదుకుంటున్నాడు. బస్సు ఆగలేదు. పూలమ్మ శోకం నెక్కొండ దాకా ఆగలేదు.

ఇదేమీ తెలియని సిద్దిరాములు మిట్టమధ్యాహ్నానికి కారు కిందినుంచి మొహమంతా మసితో బయటికొచ్చాడు. సాపు చేసిన రాడు బిగించి, చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో కట్టయ్య ఒక కన్ను మూసి చూశాడు.

"అందాజకు సరిపోయింది."

"అందాజకు కాదు ఉస్తాద్," అన్నాడు సిద్దిరాములు. డిక్కీలో సావుకారి నూలు కట్ట ఉంటే, ఒక పోగు లాగి, వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా పడుగు పోసినట్టు బిగించి పట్టాడు. అవతలివైపూ అలాగే పట్టాడు. కుడివైపు దారం ముందు చక్రాన్ని రెండు అంచులా తాకింది. ఎడమవైపు రెండు వేళ్ల సందు మిగిలింది. కట్టయ్య ఆ సందు పోయేదాకా రాడు తిప్పి బిగించాడు.

"మగ్గం ఇడిసిపెట్టి నా షెడ్డుకు రారాదు?"

"మగ్గం కాడ నా మనిషి ఉంటది ఉస్తాద్."

స్టీరింగు మళ్లీ పాండురంగం చేతికి పోయింది. కారు తిన్నగా, ముద్దుగా పోయింది. నర్సంపేట దాటాక ఎదురుగా ఊక బస్తాల లారీ ఒకటి వచ్చింది. బస్తాల మీద పదిహేనుమంది ఆడామగా కొంగులు, కండువాలు మొహాలకు అడ్డం పెట్టుకుని బోరున ఏడుస్తున్నారు.

"పాపం, ఎవలకో ఏమో అయినట్టున్నది. కారు పక్కకు ఆపన్నా, పోనీ," అన్నాడు సిద్దిరాములు. లారీ పోయేదాకా సీట్లోనే దండం పెట్టుకుని కూర్చున్నాడు. అతనిది మెత్తటి మనసు.

నెక్కొండ వాడకట్టులోకి హారన్ కొట్టుకుంటూ వెళ్లారు. ఎవరూ బయటికి రాలేదు. అత్తగారింటికి తాళం వేసి ఉంది. ఎదురింటి ముసలమ్మ సమ్మమ్మ తలుపు తీసి, కారును, మసిమొహాన్ని, చిలకపచ్చ ప్యాంటును చూసి, మళ్లీ తలుపు వేసుకుంది. సందులోనుంచి గొంతు మాత్రం వచ్చింది.

"వచ్చినవా కొడుకా! కారు మీదనే పానం పెట్టుకొని పోతివి. పోయినంక గూడ కార్లనే వస్తివి. ఇగ ఆశ తీరింది గద, నీ తొవ్వ నువ్వు పట్టు. ఆ పిల్లెనుక పడకు నాయినా!"

"నేను యాడికి వోయిన పెద్దవ్వా?"

"కారు కింద పడి పోతివి గద! పూలమ్మ తన కండ్లతోని చూసొచ్చె. నీ శవాన్ని ఇంటికే దెచ్చుంటరని అందరు ఊక లారీ ఎక్కి కొత్తవాడకు వోయిరి."

సిద్దిరాములు వచ్చిన దారివైపు తిరిగి చూశాడు. దండం పెట్టి పక్కకు జరిగింది తన చావుకేనని తెలిసింది. దానికంటే ఎక్కువగా, ఆ బస్తాల మీద కొంగు కప్పుకున్న వాళ్లలో ఒకరు సరోజన అని తెలిసి గుండె పిండినట్టయింది. రెండు గజాల దూరంలోంచి పోయింది, తను గుర్తుపట్టలేదు. పొద్దున ముక్కూమొహం తెలియని ముసలామెను మాత్రం గుర్తుపట్టాడు.

కొత్తవాడ చేరేసరికి పొద్దు వాలింది. ఇంటిముందు జాతరలా జనం. వియ్యాలవారంతా ఒక్కసారిగా మీదపడి ఏడ్చేసరికి, వాళ్లింట్లోనే ఎవరో పోయారనుకుని పోశవ్వ వాళ్లందర్నీ ఓదార్చి, చాయ్ పెట్టిందట. సగం చాయ్ తాగాక ఎవరు పోయారని అడిగిందట. కట్టయ్య షెడ్డుకు మనిషిని పంపితే గాని సంగతి తేలలేదు. ఇప్పుడు అందరూ కలిసి పూలమ్మను తిడుతున్నారు. పూలమ్మ ప్యాంటును తిడుతోంది.

సరోజన వాళ్లలో లేదు. లోపల మగ్గం దగ్గర తన చోట కూర్చుని ఉంది. జుట్టు నిండా ఊక, కళ్లు ఉబ్బి ఉన్నాయి. చేతిలో పంజా ఉంది.

"కార్ల వస్తనంటివి," అంది తలెత్తకుండా.

"పోయిన. నువ్వు లేవు."

"మల్ల లారీల్నే వచ్చిన." జుట్టులోని ఊక దులుపుకుంది. "తొవ్వ పొడుగూత ఒక్కటే అనుకున్న. ఆ కార్డుల మాట ఎందుకు కొట్టేస్తినా అని."

"చదివిన. కొట్టేసిందే చదివిన."

ఆమె ఏడ్చింది. అతనూ ఏడ్చాడు. బయట వియ్యాలవారు రెండోసారి చాయ్ అడుగుతున్నారు. కాసేపటికి కళ్లు తుడుచుకుని సిద్దిరాములు నెమ్మదిగా అన్నాడు.

"కారు బయటనే ఉన్నది. ఒక్క చుట్టు తిరిగొద్దమా?"

అంతే. నలభై ఒక్క రోజుల ప్రేమ ఒక పక్కకు పోయి, ఒక్కరోజు కోపం మీదికొచ్చింది. ఆమె పంజా ఎత్తి పోగు మీద ఒక్క దెబ్బ వేసింది. ఇల్లు అదిరింది. గాజులు గలగలమన్నాయి. సిద్దిరాములు వచ్చి ఆమె పక్కన తన చోట కూర్చున్నాడు. ఆ చప్పుడు వినడానికి ఎన్ని తిట్లైనా తినొచ్చనిపించింది.

నాలుగు రోజుల తర్వాత వెంకటరాజం వచ్చి జంపఖానా పరిచి చూసి, ఇది ఇప్పుడు రెండో పక్కకు ఒరుగుతోందేమిటని అడిగాడు.

"కోడలు కొడుకుతోని మాట్లాడుతలేదు సావుకారీ," అంది పోశవ్వ. "కోపం తగ్గంగనే సాపైతది."