‘జ్ఞాపకం’ నాలుగో వెర్షన్‌కు ఏకగ్రీవ ఆమోదం

ప్రపంచ ప్రజలారా, ఊపిరి బిగబట్టండి! మన బరంపురం బడా బజార్‌లో, చీరల గొడౌను మేడమీద, ‘జ్ఞాపకం’ అనే డేటాబేస్ నాలుగో వెర్షన్ విడుదలకు ఆమోదం లభించింది. ఇది ఓపెన్ సోర్స్. అంటే ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. వాడుకున్నవాళ్లు ఏమైపోతారన్నది వేరే శాఖ.

ఇదంతా నేను కళ్లారా చూశాను. మా ఊరు కొడల నుంచి పక్కింటి దేముడమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. రేషన్ బియ్యం కోసం ఆవిడ నాలుగుసార్లు వేలిముద్ర వేసింది. నాలుగుసార్లూ కరెంటు పోయింది. వచ్చాక డిపో కంప్యూటర్ “ఎవరీ దేముడమ్మ?” అంది. అందులో ఉన్నది ఈ ‘జ్ఞాపకమే’. ఎల్లుండిలోగా ముద్ర నమోదు కాకపోతే కార్డే కొట్టేస్తారట.

దాన్ని తయారుచేసే సంఘం అధ్యక్షులు భీమేశ్వరరావు గారు మహామేధావి. లోపాన్ని ఒక్క చూపులో పట్టేశారు.

“సెట్టింగుల ఫైల్లో ఒక లైనుందమ్మా. ‘వెంటనే డిస్కులో రాయి’ అని. అది ఆఫ్‌లో ఉంది. అందుకే కరెంటు పోతే రాసిందంతా సెరిగిపోద్ది.”

“మరి ఆన్ సేసీండి బాబూ!”

“సేస్తాం. ముందు ఫైలు సర్దాలి కదేటి!”

సర్దారు. ఆరు గంటలు సర్దారు. రెండొందల లైన్లకు పన్నెండు శీర్షికలు పెట్టారు. ఏ శీర్షిక పైన ఉండాలన్న దగ్గర సభ్యులు వాసవీకుమారి గారికీ హేమచంద్ర గారికీ మాటలు ఆగిపోయాయి. పక్కపక్కనే కూర్చుని ఈమెయిళ్లు పంపుకున్నారు. మన లైను ‘భద్రత’ కిందికెళ్లింది, ‘వేగం’ కిందికొచ్చింది, చివరికి ‘ఇతరములు’లో కాపురం పెట్టింది. ఎక్కడికెళ్లినా ఆఫ్‌లోనే వెళ్లింది.

నేను బల్ల గుద్దాను. “ఆన్ చెయ్యరేం?”

“ఏటయ్యా నీ తొందర! ఈ వెర్షన్‌లో జాగా మార్చడమే తీర్మానం. ఆన్ సేయడం అయిదో వెర్షన్‌లో,” అన్నారు అధ్యక్షులు.

“అయితే నా అన్నం అయిదో ఎర్సన్లో ఉడుకుద్దేటి?” అంది దేముడమ్మ.

ఆ సూచనను మినిట్స్‌లో ఎక్కించారు.

ఇక ఓటింగ్. విడుదలకు మూడు ‘ప్లస్ వన్’లు, అంటే మూడు ఆమోదాలు కావాలి. ఓట్లు కూడా ‘జ్ఞాపకం’లోనే వెయ్యాలి. సొంత సరుకు మీద అంత నమ్మకం! భీమేశ్వరరావు గారు ప్లస్ వన్. వాసవీకుమారి గారు ప్లస్ వన్. హేమచంద్ర గారు ప్లస్ వన్. చప్పట్లు! రసగుల్లా డబ్బా మూత తీశారు.

కరెంటు పోయింది.

వచ్చింది. తెర మీద: “ఓట్లు: సున్నా.”

మళ్లీ వేశారు. మళ్లీ పోయింది. మూడోసారి హేమచంద్ర గారు ఎడమచేత్తో రసగుల్లా పట్టుకునే వేశారు.

“ఓట్లు: సున్నా.”

“ఇన్వర్టర్ లేదా?” అన్నాను.

“కూలరుకి పెట్టాం,” అన్నారు వాసవీకుమారి గారు.

అప్పుడు మెరిసింది అధ్యక్షులవారి బుర్ర. దబదబా కిందికి దిగి, కొట్లోంచి ఒక లావుపాటి నోటుబుక్కు తెచ్చారు. మూడు ప్లస్ వన్‌లు రాశారు. కింద మూడు సంతకాలు.

“ఇంక కరెంటు పోతే పోనీ! దీన్ని ఎవడూ సెరపలేడు!”

ఏకగ్రీవం! నాకే కళ్లు చెమర్చాయి.

చప్పట్లు ఆగాక దేముడమ్మ లేచింది. బొటనవేలు కొంగుకి తుడుచుకుంటూ నోటుబుక్కు దగ్గరికి వెళ్లింది.

“బాబూ, ఇందులో నా ఏలిముద్ర కూడా ఏసెత్తాను. సిరా ఉందేటి?”