ఆరేళ్ళ పిల్లకు పదమూడేళ్ళ పుస్తకం

ఆ శనివారం పొద్దున శౌరమ్మ పెట్టుకున్న పనులు రెండే. ఏ వయసు పిల్లలకు ఏ పుస్తకాలు బాగుంటాయో రాసిన జాబితాను లైబ్రరీ తలుపుకు అంటించాలి. తర్వాత కుర్చీలో కూర్చుని మోకాళ్ళకు మందు రాసుకోవాలి. పటమటలోని ఆ ప్రైవేటు స్కూల్లో ఆమె పద్దెనిమిదేళ్ళుగా లైబ్రేరియన్. ఇన్నేళ్ళలో జాబితా కావాలని అడిగినవాళ్ళు లేరు. ఈ వారం కరెస్పాండెంట్ గంగాప్రసాద్ అడిగారు.

"ఈ పేరెంట్స్ మీటింగ్‌లో చూద్దాం మేడమ్. ఎవరూ పుస్తకాలు తీసుకెళ్ళకపోతే ఆ రూము ఒలింపియాడ్ కోచింగ్‌కి ఇచ్చేస్తానండీ," అన్నారాయన. మెత్తగానే అన్నారు.

శౌరమ్మ రెండు రోజులు కూర్చుని రాసింది. నాలుగు నుంచి ఆరేళ్ళ వాళ్ళకు బొమ్మల పుస్తకాలు, తొమ్మిది లోపు వాళ్ళకు జంతువుల కథలు, పన్నెండు లోపు వాళ్ళకు సాహసాలు, పదమూడు దాటితే లావుపాటి నవలలు. ఆఫీసు గుమాస్తా కోటి దాన్ని టైపు చేస్తూ, వయసులు వరుసలో పట్టలేదని తీసేసి లెవెల్ వన్, టూ, త్రీ, ఫోర్ అని పెట్టాడు.

"వయసులేవి కోటీ?"

"నీటుగా ఉంటుందనండీ. అర్థం ఒకటేగా."

మార్చే వ్యవధి లేదు. తల్లిదండ్రులు అప్పటికే మెట్లెక్కుతున్నారు.

ముందుగా సింధూరి అనే ఆవిడ ఐదేళ్ళ కొడుకుతో వచ్చింది. శౌరమ్మ ఏనుగు బొమ్మల పుస్తకం ఇచ్చింది. ఆవిడ తలుపు మీది కాగితం చూసి వెనక్కి ఇచ్చేసింది.

"ఇది లెవెల్ వన్ కదండీ. మావాడు అబాకస్‌లోనే రెండు లెవెల్స్ అయిపోయాడు."

"లెవెల్ అంటే వయసమ్మా."

"వయసుదేముందండీ, టూ ఇవ్వండి."

పోనీలెమ్మని శౌరమ్మ ఇచ్చింది. అక్కడే కొంప మునిగింది.

"వాళ్ళబ్బాయికి టూ ఇచ్చి మావాడికి వన్ ఏంటండీ? ఇద్దరిదీ ఒకే సెక్షన్," అంది వెనకావిడ. ఆవిడ త్రీ పట్టుకెళ్ళింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళెవరూ త్రీకి ఒప్పుకోలేదు. "పిల్లలు చదవలేరండీ," అన్నప్పుడల్లా "మా పిల్లకి చదవడం రాదంటారా?" అని మొహాలు మాడ్చుకున్నారు. పదకొండయ్యేసరికి శౌరమ్మకు గొంతు పోయింది. ఇక అడిగినవాళ్ళకు అడిగింది ఇచ్చేసింది.

ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపున్న బసవపున్నయ్యకు లెవెల్ ఫోర్‌లో చిట్టచివరిది దొరికింది. తుపానులో చిక్కుకున్న ఓడ కథ, నాలుగు వందల పేజీలు. ఒకటో తరగతి చదివే కూతురు శ్రీదుర్గ దాన్ని రెండు చేతులా ఎత్తుకుని, "బొమ్మలున్నాయా నాన్నా?" అని అడిగింది.

"బొమ్మలు చదువు రానోళ్ళకమ్మా," అన్నాడు తండ్రి.

ఖాళీ అరలు చూసి గంగాప్రసాద్ మురిసిపోయి మైకు అందుకున్నారు. వచ్చే శనివారం ఈ పుస్తకాల మీద టెస్టు, గెలిచినవాళ్ళకు ర్యాంకులు.

"వద్దండీ సార్," అంది శౌరమ్మ, రాని గొంతుతో.

"ఊపులో ఉన్నప్పుడు ఆపకూడదు మేడమ్."

వారమంతా ఫోన్లే. "ఆ నక్క అబద్ధం ఎందుకు చెప్పిందండీ? టెస్టులో వస్తుందా?" అని మంగళవారం సింధూరి అడిగింది. బుధవారం ఒకాయన గైడు ఎక్కడ దొరుకుతుందన్నాడు. గురువారం నుంచి శౌరమ్మ ఫోను ఎత్తడం మానేసింది. శుక్రవారం సాయంత్రం సొరుగులోని తన సామానంతా సంచిలో సర్దుకుంది. కోచింగ్ వాళ్ళైనా ఈ గదిలో ఫ్యాను బాగు చేయించుకుంటారేమో అనుకుంది.

శనివారం టెస్టులో ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు. తెల్లకాగితాలిచ్చేసి పిల్లలంతా లైబ్రరీలోకి దూరారు. ఎవరికీ అక్కర్లేక మిగిలిన బొమ్మల పుస్తకాలు లాక్కుని కింద కూర్చున్నారు. ఏనుగు పుస్తకం కోసం ఇద్దరు కొట్టుకున్నారు కూడా.

గంగాప్రసాద్ తెల్లకాగితాలు పట్టుకుని వచ్చారు. "పరువు పోయింది మేడమ్. పేరెంట్స్‌ని పిలిచి పుస్తకాలన్నీ వెనక్కి తీసుకోండి. సోమవారం రూము ఖాళీ చేసేద్దాం."

తల్లిదండ్రులు వచ్చారు. పుస్తకాలు మాత్రం తేలేదు.

"ఇంకో వారం ఉంచుకోవచ్చాండీ?" అంది సింధూరి. "బాబుకి చెప్పాలి గదాని మొదలుపెట్టాను. ఇప్పుడు మా అత్తగారి దగ్గరుంది, ఇవ్వట్లేదు."

మిగతావాళ్ళదీ అదే మాట. ఒకాయనైతే, లైబ్రరీ తీసేస్తారటగా, ఇదేం పద్ధతని కరెస్పాండెంట్‌నే నిలదీశాడు. ఫీజులు కట్టేవాళ్ళంతా ఒక్క మాట మీద ఉండటం గంగాప్రసాద్ అదే మొదటిసారి చూడటం. కోచింగ్‌కి మేడ మీద షెడ్డు వేద్దామంటూ వెళ్ళిపోయారు.

శౌరమ్మకు సంతోషించే ఓపిక కూడా లేదు. సర్దిన సంచి విప్పుతుంటే బసవపున్నయ్య వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పుస్తకం తిరిగి తెచ్చింది ఆయనొక్కడే.

"పాప మూడో పేజీకే పడుకుందండీ. ఓడ ఏమైందోనని నేనే..." అని గొంతు తగ్గించాడు. "ఇలాంటిదే ఇంకోటుందా?"

"ఉందండీ. మీ పేరు రాయనా?"

"పాప పేరే రాయండి. షాపులో తెలిస్తే బాగోదు."

శౌరమ్మ రిజిస్టరులో శ్రీదుర్గ పేరు రాసి, ఎదురుగా వయసు నలభై నాలుగు అని వేసింది.