పెళ్లి లేని పందిరి

ఆ ఉదయం నాగలత వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎండ ముదరక ముందే ఇంటి ముందు పందిరి వేయించుకోవాలి, దాని నీడలోకి కుట్టుమిషను మార్చుకోవాలి, బడులు తెరిచేలోగా రెండు వందల యూనిఫారాలు కుట్టి అవతల పడేయాలి. నందికొట్కూరులో ఆమెది రేకుల ఇల్లు. పోయిన మే నెలలో ఆ రేకుల కింద కుడుతూ కుడుతూ మిషను మీదనే సొమ్మసిల్లింది. ఈ ఏడు అలా పడిపోదలచుకోలేదు.

అత్త సిద్దమ్మ సలహా కూడా చిన్నదే. "బట్టలు జాడించిన నీళ్లు ఊరికే కాలవలోకి పోతాండాయి. వాకిలికి అటొకటి ఇటొకటి అరటి పిలకలు నాటి వాటికి పోద్దాం. రేకుల మింద గోనె సంచులు పరిచి తడుపుదాం. చిక్కుడు తీగ పందిరెక్కేదాకా కానుగ కొమ్మలు కప్పితే సరి." చెప్పడమే కాదు, తోట నుంచి మనిషెత్తు పిలకలు రెండు తెప్పించింది.

పందిళ్లు వేసే దాదాపీర్ ఆరింటికే వెదురు బొంగులతో వచ్చాడు. మొదటి గుంజ నిలబెట్టి, చేతులు కట్టుకుని నిలుచున్నాడు.

"పసుపు కుంకుమ తేమ్మా."

"ఎందుకప్పా? ఇది నీడ కోసం ఏసే పందిరి."

"దేనికన్నా కానీమ్మా. తొలి గుంజకు పసుపు పూసి మామిడాకు కట్టకుండా ఈ ముప్పై ఏండ్లల్లో నేను ఒక్క పందిరీ ఎయ్యలా. మా నాయనా ఎయ్యలా. రేపు గాలికి పడిపోతే పేరు పొయ్యేది నాది."

ఆయన కదిలేలా కనబడలేదు. సిద్దమ్మే లేచి పసుపు తెచ్చింది.

ఏడింటికి ఎదురింటి స్వర్ణలత తలుపు తీసి చూసింది. పసుపు పూసిన గుంజ, పచ్చటి పందిరి, వాకిలికి ఇరువైపులా అరటి చెట్లు. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరు. సిద్దమ్మకు డెబ్బై రెండేళ్లు. నాగలతకు నలభై నాలుగు, మొగుడు పోయి తొమ్మిదేళ్లు. ఇక తేల్చుకోవడానికి ఏముంది? ఎదురుగా వెళ్లి అడిగితే తనకు తెలియదని ఒప్పుకున్నట్టవుతుంది కాబట్టి స్వర్ణలత అడగలేదు. ఫోను తీసింది.

తొమ్మిదింటికి పాలాయన చెప్పకుండానే ఇరవై లీటర్లు దించాడు. పదింటికి బ్యాండు మేళం నాగన్న వచ్చి, "ఊరేగింపు ఉండాదా, లేకుంటే ఇంటికాడనేనా?" అని అడిగాడు. పదకొండింటికి తాలూకాఫీసు గుమాస్తా శ్రీనివాసులు వచ్చాడు. భార్య పోయిన మనిషి, నెలకు రెండుసార్లు ప్యాంట్లు వదులు చేయించుకుని పోతుంటాడు. ఆ పాపానికి ఊరు ఆయన్నే పెళ్లికొడుకుగా ఎన్నుకుంది. మీసానికి కొత్తగా రంగు వేసి ఉంది.

"పెండ్లికొడుకును నేనేనంట కదా," అన్నాడు చిన్నబుచ్చుకుని. "నాకన్నా ఒక మాట చెప్పాల్సింది."

"నాకే ఎవరూ చెప్పలేదు సార్. కూర్చోండి, ఈడ శానా సల్లగా ఉండాది."

కూర్చున్నాడు. నాగన్న, పాలాయన అప్పటికే కూర్చుని ఉన్నారు. ముగ్గురూ ఎండ తగ్గేదాకా లేవలేదు.

సాయంత్రం స్వర్ణలత గొంతు తగ్గించుకుని వచ్చింది. "పందిరి తీసేస్తే మాటలు ఆగిపోతాయి నాగలతా. నీ మంచికే చెప్తాండా."

నాగలతకు ఒళ్లు మండింది. "మాటలు ఆగితే నా రేకులు సల్లబడతాయా అక్కా? పోయినేడు నేను పడిపోయిన పొద్దు ఈ వీధిలో ఎవరూ ఇన్ని ఫోన్లు చెయ్యలా. పందిరి తియ్యను. అనుకునేటోళ్లను అనుకోనీ."

మర్నాడు మిట్టమధ్యాహ్నం మరిది బొజ్జన్న బద్వేలు నుంచి దిగాడు. బస్టాండు నుంచి ఎండలో నడిచి, ముఖం కందగడ్డ చేసుకుని వచ్చాడు.

"మా పరువంతా తీసినావు వదినా. ముందు ఈ పందిరి కొట్టేస్తా. కొడవలి యాడుండాది?"

"గూట్లో ఉండాది, తీసుకో," అంది నాగలత మిషను ఆపకుండా. "కొట్టేసినాక ఆ రేకుల కింద కూర్చుని ఈ నిక్కర్లు నువ్వు కుట్టు. పొద్దు గూకేదాకా బతికుంటే అప్పుడు పరువు సంగతి మాట్లాడదాం."

"ఒరేయ్, పెండ్లీ లేదు ఏమీ లేదు," అంది సిద్దమ్మ మంచం మీది నుంచి. "ఉన్నా నిన్నడిగే పని లేదు. ముందు మజ్జిగ తాగు."

మజ్జిగ తాగడానికని బొజ్జన్న కొడవలి కింద పెట్టి మంచం అంచున కూర్చున్నాడు. తడిపిన నేల మీదుగా, అరటాకుల మధ్య నుంచి గాలి వచ్చింది. మళ్లీ కళ్లు తెరిచేసరికి ఐదయింది. లేచి పందిరికి గుంజలెన్ని పట్టాయో లెక్కపెట్టుకున్నాడు. బద్వేల్లో ఆయనదీ రేకుల ఇల్లే. పోతూ పోతూ అదే తోట నుంచి రెండు పిలకలు అడిగి తీసుకున్నాడు. మిగిలిన తాళ్లు చుట్టుకోవడానికి వచ్చిన దాదాపీర్ వీధి మలుపు దాకా వెంట నడిచి మరీ చెప్పాడు, "తొలి గుంజకు పసుపు మాత్రం మర్చిపోవద్దప్పా."

నాలుగో రోజు నాగలత ఒక కట్ట నిక్కర్లకు గుండీలు కుడుతుండగా ఫోను మోగింది.

"వదినా," అన్నాడు బొజ్జన్న. "నా పెండ్లాం పుట్టింటోళ్లు రెండు ఆటోల నిండా దిగినారు. నేను రెండో పెండ్లి చేసుకుంటాండానంట. పందిరి పీకేస్తామంటాండారు. ఇప్పుడేం చెయ్యల్ల?"

"పీకనియ్యొద్దు. అందరినీ దాని కిందనే కూర్చోబెట్టి మజ్జిగ పొయ్యి."

సిద్దమ్మ వక్క నములుతూ, "కన్నతల్లికన్నా ఒక పత్రిక పంపలేదేమని అడుగు," అంది.