ఏడువేల గొట్టాలూ, ఒక గుండీ

ఆ ఉదయం మేనేజర్‌గారి పథకం చాలా తేలిక. పదింటికి సంతకం, పదకొండింటికి రియాక్టర్ మీద మూత, సాయంత్రానికి పైఅధికారులకు శుభవార్త. అడ్డంగా ఉన్నది ఒక్క కొలతలక్క.

ఆ ఫ్యాక్టరీలో తయారయ్యేది అక్రోలిన్ అనే రసాయనం. ప్రొపిలీన్ వాయువును గాలితో కలిపి, రియాక్టర్‌లో ఉత్ప్రేరకం గుళికలు నింపిన ఏడువేల సన్నటి గొట్టాల్లోంచి పంపితే అది పుడుతుంది. శాస్త్రం దాన్ని అసంతృప్త ఆల్డిహైడ్ అంటుంది. అంతకన్నా అసంతృప్తి కలది ఆ ఆవరణలో కొలతలక్క ఒక్కతే. కొత్త గుళికలు నింపాక ఒక్కో గొట్టంలోకీ గాలి ఊది, ఒత్తిడి అన్నింట్లో సమానంగా ఉందో లేదో చూడటం ఆవిడ పని. ఇరవై ఏళ్లుగా అదే పని. మీటరు ముల్లు వెంట్రుకవాసి కదిలినా ఆవిడ కనుబొమ్మ లేచేది.

"చివరి వెయ్యి గొట్టాలూ నిన్నటి షిఫ్టువాళ్లు కొలిచేశారుగా! సంతకం పెట్టండక్కా."

"అన్నింటికీ ఒకే అంకె రాశారు సార్. కవలపిల్లలు కూడా అంత ఒకేలా ఉండరు. నేను మళ్లీ కొలవాలి."

"కుదరదు!" అంటూ ఆయన రియాక్టర్ పైకెక్కి గొట్టాల మీదికి వంగి చూశారు. పైకెక్కేవాళ్లు గుండీల్లేని బట్టలే వేసుకోవాలని రూలు పెట్టింది ఆయనే. హడావిడిలో మామూలు చొక్కాతోనే ఎక్కేశారు. లేచేసరికి పొట్ట దగ్గర గుండీ లేదు.

కొలతలక్కకు పై ప్రాణాలు పైనే పోయాయి. గొట్టానికి ఏది అడ్డం పడినా వేడి అదుపు తప్పుతుంది, చివరికి రియాక్టరే ఆపాలి. వాకీటాకీ అందుకుని, "మేనేజర్‌గారి గుండీ పోయింది! మూత ఆపండి!" అని అరిచింది.

కింద క్రేను రొదలో ఆపరేటర్‌కు అది "గుండె" అని వినిపించింది. గేటు దాకా వెళ్లేసరికి "గుండె ఆగిపోయింది" అయింది. ఐదు నిమిషాల్లో స్ట్రెచర్‌తో ఇద్దరూ, వాళ్ల ముందు నర్సూ పైకొచ్చేశారు.

"నాకేం కాలేదమ్మా!"

"అందరూ ఇలాగే అంటారు సార్, పడుకోండి," అని నర్సు పట్టీలు బిగించేసింది.

"అది ఎక్కడో కింద పడుంటుంది! మీరు మూత వేసేయండి!"

"పాపం, గుండె కింద పడిందంట. పలవరిస్తున్నారు," అంది నర్సు.

ఆపేవాళ్లు లేకపోవడంతో కొలతలక్క మోకాళ్ల మీద కూర్చుంది. ఊదడం, చూడటం, రాయడం. చేయి వణకదు, చూపు చెదరదు. స్ట్రెచర్ ఎత్తాల్సినవాళ్లు ఆ సంగతే మరిచి ఆవిణ్ణే చూస్తూ నిలబడిపోయారు. నలభై మూడో గొట్టం దగ్గర ముల్లు ఎగిరింది.

"దొరికింది గుండీ!" అని అందరూ అరిచారు.

గొట్టంలోంచి గుళికలు పీల్చి తీస్తుండగా కబురు విని మేనేజర్ భార్య ఏడుస్తూ వచ్చింది. "ఏవండీ! ఏమైంది మీకు?"

"గుండీ..."

"గుండీయా? అది పొద్దున ఇంట్లోనే ఊడింది కదండీ! కుట్టిపెడతాను ఆగమంటే విన్నారా?"

అందరి చూపూ గొట్టం మీదికి మళ్లింది. మరి అందులో ఉన్నదేమిటి? కొలతలక్క సన్నటి కొక్కెం దించి లాగింది. గుళికల అడుగు నుంచి ఉండచుట్టిన మసిగుడ్డ బయటికొచ్చింది. గొట్టాలు తుడిచినవాళ్లెవరో మరిచిపోయినది. నిన్నటి కాగితంలో మాత్రం ఆ గొట్టానికీ అదే అంకె.

మేనేజర్ ఆ మసిగుడ్డ కేసి చూశారు. "అక్కా, మీరు సంతకం పెట్టుంటే..." అంటూ చేతులు జోడించబోయారు. స్ట్రెచర్ పట్టీలు కదలనివ్వలేదు.

"దానికేం లెండి సార్. ఇంకా తొమ్మిదొందల యాభై ఏడున్నాయి."

పట్టీలు విప్పాక, సాయంత్రం దాకా ఆయన పక్కనే కూర్చుని, ఆవిడ చెప్పిన అంకెలన్నీ భక్తిగా రాశారు. చేతిరాత బాగోలేదని అందులో రెండు పేజీలు ఆవిడ మళ్లీ రాయించింది.