డ్రాగన్‌కు వేసిన గాలం

శనివారం పొద్దున్నే లోర్నా పాస్కో కంప్యూటర్‌లో ఆట తెరిచేసరికి, ఆమె యోధురాలు అగ్నిద్వీపం సంత నడిబొడ్డున లోదుస్తులతో నిలబడి ఉంది. వెండి కవచం లేదు. కత్తి లేదు. ఏళ్ల తరబడి రోజూ మేత పెట్టి పెంచుకున్న డ్రాగన్ మఫిన్ అసలే లేదు.

ఆ రోజుకు ఆమె వేసుకున్న పథకం చాలా మామూలుది. టీ, ఉప్పటి వెజిమైట్ రాసిన టోస్టు, మధ్యాహ్నం ఆ ఆటలో లాన్సెస్టన్ ఊరి దళాన్ని చిత్తుగా ఓడించడం. తమ బర్నీ ఊరి దళం ఫైనల్‌కు రావడం ఇదే మొదటిసారి. వారమంతా పాల ట్యాంకర్ నడిపే లోర్నాయే దానికి కెప్టెన్.

"డెస్! నన్నెవడో నిలువునా దోచేశాడు!"

టోస్టు పళ్లెంతో వచ్చిన భర్త డెస్మండ్ తెర చూశాడు. మొహం పాలిపోయింది. వెంటనే గొంతు సవరించుకున్నాడు. మోసపు మెయిళ్లను పసిగట్టడం ఎలాగో కౌన్సిల్ ఆఫీసులో ఉద్యోగులకు పాఠాలు చెప్పేది ఆయనే మరి.

"ఎవడో గాలం వేశాడు. నువ్వేదో నొక్కి ఉంటావు."

"నేనా? వారమంతా నేను పట్టుకున్నది స్టీరింగు, మౌస్ కాదు!"

"మరి నీ పాస్‌వర్డ్ ఇంకెవరికి తెలుసు?"

"నీకు. నేను డ్యూటీలో ఉంటే మఫిన్‌కు మేత పెట్టేది నువ్వేగా. నీకు కుదరనప్పుడు పెట్టడానికి మన దళంలోని తెవిటాకు కూడా చెప్పాను."

"ఓహో, తెవిటా..." అన్నాడు డెస్, కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ.

ఇంతలో ఇద్దరికీ కలిపి ఉన్న మెయిల్‌పెట్టెలో ఆట కంపెనీ పేరుతో ఒకటి వచ్చి పడింది. 'లోర్నా పాస్కో గారూ, మీ ఖాతాలోకి కొత్త చోటి నుంచి ఎవరో ప్రవేశించారు. మీరు కాకపోతే వెంటనే తాళం వేయండి.' ఆమె వేలు కదిలేలోపే డెస్ దాన్ని చెరిపేశాడు.

"చూశావా, తొందరపెడుతున్నాడు! 'వెంటనే' అన్నాడంటే వెంటనే అనుమానించాలి."

"నా పూర్తి పేరు రాశాడు కదయ్యా!"

"చదువుకున్న దొంగ."

అంతటితో ఆగలేదు. దళంలో అందరికీ తన ఫోన్‌లోంచి హెచ్చరిక పంపాడు. లోర్నా పేరుతో ఏమొచ్చినా నమ్మొద్దు. ఫోన్ చేసినా నమ్మొద్దు. ఈ రోజుల్లో గొంతు కూడా తయారుచేస్తున్నారు.

ఫలితం క్షణాల్లో తెలిసింది. లోర్నా ఫోన్ చేస్తే తెవిటా "గొంతు బాగానే కుదిరిందిరా దొంగా, ఇంకో ఇల్లు చూసుకో" అని పెట్టేశాడు. పైగా కెప్టెన్‌ను జట్టులోంచే తీసేశాడు.

లోర్నా పైజామాలోనే కారెక్కింది. రేవు పక్కన తెవిటా చేపలూ చిప్సూ అమ్మే దుకాణం షట్టర్ సగానికి దిగి ఉంది. ఆమె వంగి లోపలికి తొంగిచూసింది.

"నేనే! తెరువు!"

"మొహాలు కూడా తయారుచేస్తున్నారట," అన్నాడు లోపలి నుంచి ఆ టోంగా దీవుల భీముడు. "చిప్స్ మీద ఏం పోసుకుంటావో చెప్పు."

"వెనిగర్. నువ్వు పోసేది చుక్కే, పిసినారీ!"

"అమ్మయ్య, కెప్టెనే!" షట్టర్ లేచింది.

"నా పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పావా?"

తెవిటా మొహం చిన్నబోయింది. "నన్నా అడుగుతున్నావు? నా పెళ్లిరోజు కూడా గుర్తుండదు నాకు. మఫిన్ పాస్‌వర్డ్ మాత్రం ప్రాణం పోయినా బయటపెట్టను."

అతనే ఆట కంపెనీ చిరునామాను స్వయంగా టైపు చేశాడు, ఏ మెయిల్‌లోని లింకునూ ముట్టకుండా. లోర్నా తన పాత కొనుగోలు రసీదు చూపించింది. ఖాతా చేతికొచ్చింది. తెవిటా ఆమెను మళ్లీ జట్టులో చేర్చాడు. మఫిన్‌ను సోమవారానికల్లా వెతికి ఇస్తామన్నారు కంపెనీవాళ్లు. కవచం మాత్రం దొంగ అప్పుడే అమ్మేశాడు.

కాబట్టి బర్నీ కెప్టెన్ లోదుస్తులతో, అరువు తెచ్చుకున్న చీపురుకట్టతో ఫైనల్‌లో దిగింది. లాన్సెస్టన్ వీరులు పగలబడి నవ్వుతూ, ఫొటోలు తీసుకోవడానికి ఆమె చుట్టూ గుమిగూడారు. ఎప్పుడు గుమిగూడతారా అని కాచుకున్న, తెవిటా ఆడించే రాక్షసుడు వెనక నుంచి కోట తలుపు మూసి, వాళ్లందరినీ ఒకే మంటలో కాల్చాడు. కప్పు బర్నీకి వచ్చింది.

సాయంత్రం దుకాణంలో విందు. అప్పటికి డెస్ కూడా వచ్చి, గెలుపు ఉత్సాహంలో చిప్స్ ముక్కతో గాలిలో గీతలు గీస్తూ పాఠం మొదలుపెట్టాడు.

"ఈ దొంగ మెయిల్‌నే తీసుకోండి. పేరుండదు, 'ప్రియమైన ఆటగాడా' అంటాడు. 'మీ డ్రాగన్ ఆకలితో ఏడుస్తోంది' అని బెదిరిస్తాడు. 'గంటలో పాస్‌వర్డ్ ఇవ్వకపోతే మళ్లీ గుడ్డులోకి వెళ్లిపోతుంది' అంటాడు. ఎంత పచ్చి మోసం!"

తెవిటా చిప్స్ వేపడం ఆపాడు. లోర్నా వెనిగర్ సీసా కింద పెట్టింది.

"డెస్, ఆ మెయిల్ నేను చూడలేదు. తెవిటా చూడలేదు. నువ్వెక్కడ చూశావు?"

చిప్స్ ముక్క గాలిలోనే ఆగిపోయింది. డెస్ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, కుర్చీలోకి జారాడు.

"గురువారం మఫిన్‌కు మేత పెట్టడం మరిచిపోయాను, లోర్నా. మోసపు మెయిళ్ల మీద క్లాసు చెబుతూ మరిచిపోయాను. బయటికొచ్చి ఫోన్ చూస్తే ఆ దొంగ మెయిల్ ఉంది. నీకు తెలిస్తే ఇంట్లోంచి గెంటేస్తావని పాస్‌వర్డ్ ఇచ్చేశాను, ఆ తర్వాత చెరిపేశాను. పొద్దున వచ్చింది అసలైన మెయిలే. అది చదివితే తీగ లాగి డొంకంతా కదిలిస్తావని దాన్నీ చెరిపేశాను. తెవిటా, అనుమానాన్ని నీ మీదికి తోసినందుకు క్షమించు, మేట్."

"దొంగ మెయిల్‌కు ఏవేవో లక్షణాలుంటాయని ఊరంతటికీ చెబుతావు కదా," అంది లోర్నా. "నీకు ఒక్కటీ కనిపించలేదా?"

"అన్నీ కనిపించాయి," అన్నాడు డెస్. "కానీ పాపం, మఫిన్ ఏడుస్తోందని రాశాడు."