కేంద్రం వారి తుప్పు

వస్తువు పాతబడటం ప్రకృతి ధర్మం. పాతబడిన వస్తువుకు రంగు కొట్టుకోవడం మనిషి ధర్మం. రంగు కొట్టిన వస్తువును గుర్తుపట్టకపోవడం ఆఫీసు ధర్మం. ఈ మూడు ధర్మాల మీదే లోకం నడుస్తోంది. మా మేనత్త ఒక్కతే నడవడం లేదు.

ఆవిడ స్నానాలగదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. డాక్టరు లోపల మేకు బిగించి, "ఎముక అతికించడం నా పని, నడవడం మీ పని. ఈ రెండు మూడు నెలల్లో నడిస్తే నడిచినట్టు. లేదంటే కీలు బిగుసుకుపోతుంది, ఆ తర్వాత నా దగ్గరికి రావద్దు" అని చెప్పి చేతులు కడుక్కున్నాడు. (శుభ్రత కోసమే.)

ఇలాంటి వాళ్ల కోసం అరువు పరికరాల కేంద్రం అని ఒకటుంది. చక్రాల కుర్చీలు, చంకకర్రలు, వాకర్లు ఇస్తారు. పని అయ్యాక వెనక్కి తీసుకుంటారు. మంచి ఉద్దేశంతో పెట్టిన ఆఫీసు. ఆ మంచి ఉద్దేశం ఇప్పటికీ గోడ మీద బోర్డులో ఉంది. మాకూ ఒక నాలుగుకాళ్ల వాకరు ఇచ్చారు. రంగు బూడిద. కాళ్లకు తుప్పు. ముందు కాలి మీద తెల్ల అంకెలతో ఒక నంబరు. ఇచ్చేముందు గుమాస్తా దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "రంగు: బూడిద. తుప్పు: ఉంది" అని రాసుకున్నాడు. ఎంత శ్రద్ధో అనుకున్నాం. అప్పటికి మాకు అంతే తెలుసు.

అత్త దాన్ని ముట్టుకోలేదు.

"ఎంతమందిని సాగనంపి వచ్చిందో ఇది! దాని మొహం చూస్తే ఉన్న కాలు కూడా పడిపోయేట్టుంది. అవతల పెట్టండ్రా."

"ఒక్కసారి పట్టుకోమ్మా," అన్నాడు బావ. అత్త కొడుకు.

"పట్టుకుని వీధిలోకి పోతే నన్నెవరు చూస్తారు? నా రోగాన్ని చూస్తారు."

వీధిలోకి పోవాలనే ఆశ మాత్రం నిండా ఉంది. వీధి చివర కుట్టుమిషను ఆవిడ కొట్టు ఉంది. పడకముందు అత్త రోజూ అక్కడికి పోయి, స్టూలు మీద కూర్చుని, వచ్చేపోయే వాళ్ల బట్టలకూ బుద్ధులకూ కలిపి కొలతలు తీసేది. ఇద్దరిదీ చిన్ననాటి స్నేహం. తిట్టుకోకుండా ఒక్క పూట గడిపినట్టు ఎవరూ చూడలేదు. ఇప్పుడు ఆవిడ మిషను వదిలి రాలేదు, ఈవిడ మంచం వదిలి పోలేదు.

ఇక్కడ బావ సంగతి చెప్పాలి. బావ తాళాలు బాగుచేసి బతుకుతాడు, రంగు కొట్టి బతికినట్టు అనుకుంటాడు. ఖరీదైన రంగు కాదు. ఇనుప సామాన్ల కొట్టు ముందు ప్లాస్టిక్ బుట్టలో కుప్పగా పోసి అమ్ముతారే, ఆ స్ప్రే డబ్బాలు. ఇంట్లో స్టూలు, పూలకుండీలు, ఫ్యాను రెక్కలు, అద్దం చట్రం, పాత రేడియో అన్నీ ఆ డబ్బాల కింద పడి లేచినవే. పెరటి గోడ మీద స్టూలు ఆకారంలో ఒక ఖాళీ, కుండీ ఆకారంలో ఒక ఖాళీ, చుట్టూ పొగమంచులా రంగు. ఆ ఇంట్లో ఎక్కువసేపు కదలకుండా కూర్చోవడం మంచిది కాదు.

చవక డబ్బాకు తనదైన రాజ్యాంగం ఉంది. మూత రంగుకూ లోపలి రంగుకూ చుట్టరికం ఉండవచ్చు, పోలిక ఉండి తీరాలని లేదు. డబ్బా ఊపినప్పుడు లోపలి గోలీ ఎంత గట్టిగా మోగితే రంగు అంత తక్కువ ఉన్నట్టు. కొట్టాల్సిన వస్తువు మీద తప్ప ఎక్కడ పడినా గట్టిగా పడుతుంది. ఆరిపోయిందని మనం అనుకున్నాక కూడా అది ఒక నిర్ణయానికి వచ్చి ఉండదు.

బావ వాకరును పెరట్లోకి మోసుకెళ్లాడు. గరుకు కాగితంతో తుప్పంతా రుద్దాడు. ఆకాశనీలం మూత ఉన్న డబ్బా తెచ్చి, ఊపి, నొక్కాడు. గాలి ఎటునుంచి వస్తోందో చూసుకోలేదు. మొదటి విడత మీసాల మీద పడింది.

"బావా, పచ్చగా ఉందే?"

"మూత నీలమేరా," అన్నాడు బావ, దబాయిస్తున్నట్టు.

చిలకపచ్చ. మొదలుపెట్టాక ఆగడం బావ స్వభావం కాదు. నాలుగు కాళ్లూ, పిడులూ, మరలూ అన్నీ కొట్టాడు. నంబరు దగ్గరకొచ్చి ఒక్క క్షణం ఆలోచించాడు. "అంకెలు కనబడితే ఆసుపత్రి సామానులా ఉంటుంది. అమ్మకు నచ్చదు," అని దాని మీద ఇంకో పూత ఎక్కువే వేశాడు. అంత ప్రేమగా చేసిన తప్పు నేను మళ్లీ చూడలేదు.

ఆరాక తెచ్చి మంచం పక్కన పెట్టాం. అత్త చూసింది. పడిన తర్వాత మొదటిసారి నవ్వింది.

"ఒరేయ్, ఇదేంట్రా! చిలకను పట్టుకుని నాలుగు కాళ్లు అతికించావా? ఇటు తే. ఎంత ఘోరంగా కొట్టావో దగ్గరగా చూడాలి."

దగ్గరగా చూడటానికి పట్టుకుంది. కింద కాలి దగ్గర రంగు కారిందని తిట్టడానికి లేచి నిలబడింది. మేం నోరు మెదపలేదు. మెదిపితే నిలబడ్డానని గుర్తొచ్చి కూర్చుంటుందేమోనని భయం.

ముందు గుమ్మం దాకా. తర్వాత గేటు దాకా. ఆ తర్వాత ఒక సాయంత్రం వీధి చివరిదాకా. కుట్టుమిషను ఆవిడ కళ్లజోడు పైకి నెట్టి చూసింది.

"అబ్బో, బండి కొన్నావే!"

"కొన్నాను. నీ బండిలా ఎంత తొక్కినా ఉన్నచోటే ఉండేది కాదు. ముందుకు పోతుంది."

ఆ రంగు అత్త చేతులకు అంటుకుంది. రెండు అరచేతులూ చిలకపచ్చ. మంచినీళ్ల గ్లాసూ, తలుపు గొళ్లెమూ, నా చొక్కా భుజమూ చిలకపచ్చ. ఎవరూ ఏమీ అనుకోలేదు. ఆవిడ ఎక్కడెక్కడ తిరిగిందో ఇల్లంతా ఆనవాళ్లుండటం మాకు బాగానే ఉంది.

అప్పుడు భౌతిక ధ్రువీకరణ వచ్చింది.

కేంద్రం వారి యాప్‌లో పరికరం ఫొటో పెట్టాలి. బావ ఫోను పట్టుకున్నాడు. "పరికరం కనబడలేదు. దయచేసి పరికరాన్ని చట్రంలో ఉంచండి" అంది యాప్. దగ్గర నుంచి తీశాడు, దూరం నుంచి తీశాడు, స్టూలెక్కి పైనుంచి తీశాడు. కనబడలేదు. ఈలోగా పక్కింటి బూడిదరంగు పిల్లి గోడ మీద పోతుంటే యాప్ దాని చుట్టూ గీత గీసి, "పరికరం గుర్తించబడింది. కదలకుండా ఉంచండి" అంది. పిల్లి సహకరించలేదు. మర్నాడు సందేశం వచ్చింది: మీ పరికరం పోయినట్టు నమోదు చేయడమైనది.

బావా నేనూ వాకరును భుజాన వేసుకుని కేంద్రానికి బయలుదేరాం.

"తొందరగా తెచ్చేయండ్రా," అంది అత్త. "సాయంత్రం పోవాలి. నిన్న ఆ కుట్టుమిషనుదానితో ఒక మాట చెబుతూ మధ్యలో ఆపి వచ్చాను."

గుమాస్తా వాకరును చూసి, "ఇది మాది కాదండీ," అన్నాడు.

"మీదేనండీ. రంగు కొట్టాం."

"మాది బూడిద."

"కింద బూడిదే ఉంది."

"కింద ఏముందో చూడటం మా విభాగం కాదు. మేం పైభాగం వరకే."

"సరే, నంబరు చూడండి."

"ఏదీ?"

"రంగు కింద ఉంది."

గుమాస్తా మా వంక జాలిగా చూశాడు. బావ గోరుతో గీకాడు. తాళంచెవితో గీకాడు. అత్త అరచేతికి అడక్కుండా ఊడివచ్చిన రంగు, అక్కడ మాత్రం ప్రాణం పెట్టి పట్టుకుంది. చివరికి బావ సంచిలోంచి ఆకురాయి తీసి రుద్దాడు. పచ్చరంగు ఊడివచ్చింది. దాంతోపాటు నంబరూ ఊడిపోయింది. లోపల నిగనిగలాడే ఇనుము మా ముగ్గురి మొహాలనూ చూపించింది.

అప్పుడు వర్ణ ధ్రువీకరణాధికారి గారిని పిలిచారు. పెద్దమనిషి, మెత్తటి గొంతు. వంగి నాలుగు కాళ్లూ పరిశీలించారు.

"రంగు సంగతి తర్వాత చూద్దాం. మా తుప్పు ఏది?"

"రుద్దేశానండీ," అన్నాడు బావ.

"ఎవరి అనుమతితో?"

"తుప్పుకు కూడా అనుమతి కావాలాండీ?"

"కేంద్రం ఆస్తి మీద పట్టినది కేంద్రం ఆస్తే కదా, బాబూ. అంత తుప్పు ఒక్కరోజులో పడుతుందా? ఎందరు ఉద్యోగుల కాలంలో పట్టిన తుప్పది! ఇప్పుడెక్కడుంది?"

"పెరట్లో. ఊడ్చేశాను."

అధికారి గారు కళ్లు మూసుకున్నారు. దగ్గరి బంధువు పోయిన వార్త విన్నప్పుడు మూసుకున్నట్టు.

ఆయన చాలా ఓపిగ్గా వివరించారు. ఇప్పుడు రెండు వ్యవహారాలున్నాయి. ఒకటి, మా పేరు మీద బూడిద వాకరు పోయింది. రెండు, సొంతదారు తెలియని పచ్చ వాకరు ఒకటి దొరికింది. దొరికినదాన్ని సొంతదారు వచ్చి అడిగేదాకా గోదాములో ఉంచాలి. సొంతదారు కేంద్రమే గనక, కేంద్రం కేంద్రానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాకపోతే కేంద్రం పోగొట్టుకున్నది బూడిదది, పచ్చది కాదు. లేనిది అడగడం కేంద్రానికి మర్యాద కాదు.

"పోనీ ఈలోగా ఇంకోటి ఇప్పించండి. అమ్మ ఇప్పుడిప్పుడే నడుస్తోంది. డాక్టరు గడువు పెట్టాడు."

"ఒక లబ్ధిదారుకు ఒకటే పరికరం. ఆవిడ పేరు మీద ఇప్పటికే ఒకటి పోయి ఉంది. మీ తాపత్రయం నాకు అర్థమైంది. కానీ ఆవిడ ఇన్నాళ్లూ నడిచినది ఏ వాకరుతో? మాదానితో అంటే మాది ఇక్కడ లేదు. అందుచేత ఆవిడ నడిచినట్టు మేం తీసుకోలేం."

(కొత్తది కొనుక్కోవచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. అలా అనిపించే వాళ్లకు ఈ కేంద్రంతో పని పడదు.)

చివరికి దయ తలిచి ఒక దారి చూపించారు. పరికరాన్ని యథాస్థితికి తేవాలి. అందుకోసం ఇంటికి తీసుకెళ్లవచ్చు. రంగు మార్పిడి నిమిత్తం మాత్రమే, నడక నిమిత్తం కాదు. అత్త పొరపాటున పట్టుకోకుండా రెండు పిడులకూ దారం చుట్టి లక్క ముద్ర వేశారు.

బావ మళ్లీ బుట్ట దగ్గరికి పోయాడు. బూడిద మూత తీసి అట్టముక్క మీద కొట్టి చూస్తే గులాబీ. ఇంకో బూడిద మూత, ఇటుకరంగు. "మూత చూసి ఎవరైనా కొంటారా?" అని కొట్టువాడు బావనే మందలించాడు. ఆఖరికి వంకాయరంగు మూత కింద అసలైన కేంద్రం వారి బూడిద దొరికింది. కొట్టాడు. కేంద్రం తనిఖీదారు వచ్చి, జేబులోంచి నమూనా ముక్క తీసి పక్కన పెట్టి చూసి, తృప్తిపడ్డాడు. పోతూపోతూ మంచం మీద అత్త చేతులు చూశాడు.

"అరచేతులు పచ్చగా ఉన్నాయే. మొదటినుంచీ ఇంతేనా?"

"మధ్యలో నడిచాను నాయనా, అప్పుడంటుకుంది," అంది అత్త.

"నడిచినట్టు మా దగ్గర లేదమ్మా," అన్నాడతను మర్యాదగా.

రంగు అయింది. ఇక తుప్పు మిగిలింది. వాకరును పెరట్లో ఆరుబయట పెట్టాలన్నారు. పెట్టాం. ఉప్పునీళ్లు చల్లమన్నారు. చల్లాం. "తుప్పు పట్టనివ్వదు" అని ఆ డబ్బాల మీద ఎప్పుడూ రాసి ఉంటుంది. బావ జీవితంలో ఆ మాట నిలబెట్టుకున్న డబ్బా అదొక్కటే. ఇంట్లో స్టూలు తుప్పు పట్టింది, కుండీల తీగలు తుప్పు పట్టాయి. వాకరు మాత్రం పెళ్లికొడుకులా మెరుస్తూ నిలబడింది. తనిఖీదారు వారం వారం వచ్చి చూసి, "వస్తుందండీ, కంగారు పడకండి" అని ధైర్యం చెప్పి పోయేవాడు.

ఈలోగా అత్తను చెరోవైపు పట్టుకుని లేపాం. మా మీద వేలాడటం నడక కాదని రెండోరోజే మానేసింది. కర్ర ఇస్తే పడబోయింది. ఆ భయంతో మళ్లీ మంచం దిగలేదు. ఒక ఆదివారం కుట్టుమిషను ఆవిడే కొట్టు మూసి వచ్చింది.

"ఏమే, ఆ రోజు మాట మధ్యలో వదిలేసి పోయావు. మిగతా సగం చెప్పు. తల పగిలిపోతోంది."

"మాట అక్కడాగింది. అక్కడికొచ్చే చెబుతాను."

"రాకపోతే?"

"నీ తల పగులుతుంది, అంతే."

ఇద్దరూ నవ్వారు. తర్వాత ఇద్దరూ కిటికీలోంచి పెరట్లోకి చూస్తూ కూర్చున్నారు. వాన మొదలైంది. వాకరు తడుస్తోంది.

"దానికంటే ముందు నాకే పట్టేట్టుంది తుప్పు," అంది అత్త.

కుట్టుమిషను ఆవిడ లేచి కిటికీ మూసింది.

వానలు వెళ్లిపోయే వేళకు కాళ్ల దగ్గర ఎర్రగా పొడిచింది. తనిఖీదారు వేలితో రుద్ది చూసి, మా అందరికంటే ఎక్కువ సంతోషపడ్డాడు. అధికారి గారు స్వయంగా మా ఇంటికి వచ్చారు. ముందు కాలి మీద తెల్లటి అంకెలు వేయించారు. లక్క ముద్ర పగలగొట్టి, దారం విప్పి, వాకరును అత్త మంచం పక్కన పెట్టి, "ఇక మీదేనమ్మా. నడవండి" అన్నారు.

అత్త ఈసారి పేచీ పెట్టలేదు. రెండు చేతులూ చాచి పట్టుకుంది. బావ వెనక నుంచి నడుము పట్టి లేపాడు. తుంటి వంగలేదు, మోకాలు సాగలేదు. పళ్లు బిగబట్టి ఇంకోసారి ప్రయత్నించింది. తర్వాత పిడులు వదిలేసి, మెల్లగా మంచం మీద కూలబడింది. చేతులు చూసుకుంది. ఏమీ అంటుకోలేదు.

అధికారి గారు ఆవిడ సర్దుకునేదాకా మర్యాదగా ఆగారు. ఆ తర్వాత బావ రంగు కొట్టిన స్టూలు మీద కూర్చుని నివేదిక పూర్తిచేసి, మేం కూడా వినాలని పైకి చదివారు.

"పరికరం యథాస్థితికి చేరినది. లబ్ధిదారు కూడా."